బాకీ తీర్చిన సీక్వెల్స్, బాకీ పెట్టి వెళ్లిన పార్ట్ వన్‌లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ మొత్తం సీక్వెల్స్ గురించే. పుష్ప 2, దేవర, కల్కి, బాహుబలి లాంటి సినిమాల ముగింపులు కూడా మాట్లాడుకుంటాం, ఇంకా చూడనివాళ్లు చూశాకే వినండి. నాతో మా బాబాయ్ ఉన్నారు. రాజమండ్రిలో ఉంటారు. ఓటీటీలో వచ్చేదాకా ఆగే అలవాటు లేదు, ఏ సినిమా అయినా థియేటర్‌లోనే చూస్తారు. బాబాయ్, నేరుగా అడిగేస్తున్నా. ఈ మధ్య వచ్చిన సీక్వెల్స్‌లో నీకు బాగా నచ్చింది ఏది?

బాబాయ్: మత్తు వదలరా 2.

హోస్ట్: పుష్ప 2 అంటావనుకున్నాను!

బాబాయ్: దాని దగ్గరికీ వస్తాను, దాని గురించి చెప్పాల్సింది చాలా ఉంది. ముందు ఇది చూడమ్మా. మొదటి మత్తు వదలరా 2019 క్రిస్మస్‌కి వచ్చింది. చిన్న సినిమా. బాబు, యేసు అని ఇద్దరు డెలివరీ బాయ్స్, జీతం చాలక చిన్న మోసం చేయబోయి హత్య కేసులో ఇరుక్కుంటారు. రెండోది 2024 సెప్టెంబరులో వచ్చింది. దాదాపు ఐదేళ్ల గ్యాప్. ఈసారి వాళ్లిద్దరూ కిడ్నాప్ కేసులు చూసే టీమ్‌లో ఏజెంట్లు. ఉద్యోగం మారింది, బుద్ధి మారలేదు. చేతికందిన డబ్బులో కొంత నొక్కేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనే ఆ బుద్ధే మళ్లీ కథ నడుపుతుంది. దర్శకుడు రితేష్ రానా ఆ ఒక్క సంగతి గట్టిగా పట్టుకున్నాడు. ఇంక యేసుగా చేసిన సత్య అంటావా, తెర మీద అతను ఊరికే నిలబడినా హాల్లో నవ్వు మొదలైపోయింది. పాత రోజుల్లో మనీ సినిమా చూసి బయటికొచ్చినవాళ్లకి బ్రహ్మానందం చేసిన ఖాన్ దాదాని మళ్లీ ఎప్పుడు చూస్తామా అని ఉండేది. దాని సీక్వెల్ మనీ మనీ వస్తే పరిగెత్తింది అందుకే. కథ కోసం కాదు, ఆ మనిషి కోసం.

హోస్ట్: అలా చూస్తే టిల్లు కూడా అంతే. డీజే టిల్లు 2022లో, టిల్లు స్క్వేర్ 2024లో. దర్శకుడు కూడా మారాడు, విమల్ కృష్ణ స్థానంలో మల్లిక్ రామ్ వచ్చారు. అయినా జనం వెళ్లింది సిద్ధు జొన్నలగడ్డ మాట్లాడే తీరు కోసం. కానీ నాకొక ఫిర్యాదు ఉంది బాబాయ్. మొదటి దాంట్లో రాధిక ఎవరో, ఏం చేస్తుందో మనకి చివరిదాకా అంతు చిక్కలేదు. ఆ టెన్షన్ వల్లే టిల్లు అమాయకత్వం అందంగా అనిపించింది. రెండో దాంట్లో అమ్మాయి రాగానే మోసం ఉందని మనకి ముందే తెలిసిపోతుంది. నవ్వాను, కాదనను. ఇంటికొచ్చాక మాత్రం ఏమీ మిగల్లేదు.

బాబాయ్: నువ్వు చెప్పింది నిజమే. మొదటి సినిమా ప్రేక్షకుడికి ఏదో ఒకటి బాకీ పడి వెళ్లాలి. రెండోది ఆ బాకీ తీర్చాలి. నేను సీక్వెల్‌ని చూసేది అలాగే. డీజే టిల్లు ఎవరికీ ఏమీ బాకీ పడలేదు, అది అక్కడికి పూర్తయిన సినిమా. డబుల్ ఇస్మార్ట్ సంగతి ఇంకా స్పష్టం. 2019లో ఇస్మార్ట్ శంకర్ తలలోకి వేరొకడి జ్ఞాపకాలు ఎక్కిస్తే అది కొత్త. 2024లో అదే తలలోకి ఇంకొకడి జ్ఞాపకాలు ఎక్కిస్తే అందులో కొత్తేముంది? రామ్ ఒళ్లు దాచుకోలేదు, అంత కష్టపడ్డ నటుడికి తగిన కథ పడలేదని నిజంగా బాధేసింది.

హోస్ట్: సరే, ఇప్పుడు పుష్ప.

బాబాయ్: ఇప్పుడు పుష్ప. ఎర్రచందనం, సిండికేటు, లారీలు అవన్నీ పక్కన పెట్టు. 2021లో వచ్చిన మొదటి భాగంలో అసలు గాయం ఏంటి? ఇంటిపేరు. చిన్నప్పుడు బడిలో తండ్రి పేరు చెప్పుకోనివ్వరు. నిశ్చితార్థంలో అన్న వచ్చి అందరి ముందూ అవమానిస్తాడు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది. 2024 డిసెంబరులో రెండో భాగం వచ్చినప్పుడు మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా, ఇందులో ఏం చెప్తాడా అనుకుంటూ కూర్చున్నాను. భార్య అడిగిందని ముఖ్యమంత్రితో ఫొటో కోసం వెళ్తాడు, ఆయన కాదంటాడు, ముఖ్యమంత్రినే మార్చేస్తానంటాడు. అది హీరోయిజం, ఈలలు వేయడానికి. నన్ను కదిలించింది అది కాదు, జాతర.

హోస్ట్: జాతర సీన్‌కి మా హాల్లో ఒక్కరూ కూర్చోలేదు.

బాబాయ్: ఆ జాతర ఎవరో కల్పించింది కాదమ్మా. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటా మే నెల ప్రాంతంలో వారం పాటు జరుగుతుంది. ఆడవాళ్లని చెరబట్టే పాలెగాడొకడు ఉండేవాడట. వాణ్ణి చంపడానికి గంగమ్మ పుట్టిందని, భయపడి దాక్కున్న వాణ్ణి వెతుక్కుంటూ రోజుకో వేషం కట్టిందని చెప్తారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... వచ్చింది దొరే అనుకుని వాడు బయటికి వస్తే అప్పుడు చంపేసిందట. అందుకే అక్కడ భక్తులు రోజుకో వేషం వేస్తారు. మగవాళ్లు చీర కట్టుకుని, పసుపు రాసుకుని, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. అక్కడ అది మొక్కు, ఎవరూ వింతగా చూడరు. దర్శకుడు సుకుమార్ పుష్పకి చీర కట్టి అక్కడ నిలబెట్టాడు. పుష్ప అమ్మవారిని ఏం కోరుకుంటాడు? ఆడపిల్ల పుట్టాలని. ఎందుకు? తనకి లేని ఇంటిపేరు, కూతురికి పెళ్లయితే అయినా వస్తుందని. అక్కడ నా గొంతు పట్టేసింది. తర్వాత అన్న కూతురి కోసం జరిగే పోరాటం చూడు. ఆడపిల్ల జోలికొచ్చినవాడి మీద చీర కట్టిన మనిషి విరుచుకుపడతాడు. గంగమ్మ కథే కదా అది! ఆ ఊరి నమ్మకం, ఈ మనిషి గాయం ఒకేచోట కలిశాయి. చివర్లో పెళ్లిలో అన్న అతన్ని ఇంటివాడిగా ఒప్పుకుంటాడు. మూడేళ్ల బాకీ అక్కడ తీరింది.

హోస్ట్: నేనూ అక్కడ ఏడ్చాను. కానీ పోలీసాఫీసర్ షెకావత్ మాటేమిటి? మొదటి భాగం చివర అంత పెద్ద పోరు పెట్టారు. ఫహద్ ఫాజిల్ లాంటి నటుడు. రెండో భాగంలో ఒక సారీ చెప్పడం చుట్టూ బ్రహ్మాండంగా మొదలుపెట్టి, మధ్యలోనే ముగించేశారు. ఆ తర్వాత వచ్చే విలన్లు ఎవరో నాకు పేర్లు కూడా గుర్తులేవు. చివరి గంట సాగింది, అది సాగడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

బాబాయ్: ఒప్పుకుంటున్నాను. ఆ బాకీ సగమే తీర్చారు.

హోస్ట్: నాకు ఈ లెక్కలో అందరికంటే పద్ధతిగా అనిపించింది హిట్ సిరీస్. శైలేష్ కొలను 2020లో మొదటి కేసు విశ్వక్ సేన్‌తో, 2022లో రెండో కేసు అడివి శేష్‌తో, 2025 మే డేకి మూడోది నానితో తీశారు. ప్రతి సినిమాలో కేసు మొదలై అక్కడే ముగుస్తుంది. రెండో దాని నుంచి చివర్లో తర్వాతి ఆఫీసర్ ఒక నిమిషం కనిపిస్తాడు, అంతే. చూసినవాడు మోసపోయాననుకోడు.

బాబాయ్: మూడోది నచ్చిందా?

హోస్ట్: సగం. మొదటి దాంట్లో విక్రమ్‌కి తన మనసే శత్రువు, ఓపికగా ఒక్కో ఆధారం ఏరుకుంటూ వెళ్తాడు. మూడో దాంట్లో అర్జున్ సర్కార్ కత్తి పట్టుకుని నరుక్కుంటూ వెళ్తాడు. ఏ సర్టిఫికెట్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. నాని నటన మీద నాకు ఫిర్యాదు లేదు. హోమిసైడ్ ఇంటర్వెన్షన్ టీమ్ అని పేరు పెట్టుకుని పరిశోధనని అంత పలచన చేయకూడదు. నాలుగో కేసుకి మళ్లీ ఆ ఓపిక కావాలి. కార్తికేయ 2లో అది ఉంది చూడు. మొదటి దాంట్లో సుబ్రహ్మణ్యపురం గుడి రహస్యం, రెండో దాంట్లో ద్వారక. కథకి కథ సంబంధం లేదు, కానీ ఆ కుర్రాడి కుతూహలం అదే.

బాబాయ్: పొలిమేర కూడా చెప్పు. మొదటిది 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది. జనం ఇంట్లో చూసి ఒకరికొకరు చెప్పుకుంటే, రెండోది 2023లో థియేటర్‌కి వచ్చింది. పెద్ద హీరో లేడు. సత్యం రాజేష్‌ని చూసి హాల్లో జనం భయపడ్డారు. అది కదా గెలుపు.

హోస్ట్: ఇప్పుడు నాకు కోపం వచ్చే విషయం. పార్ట్ వన్‌లు. సలార్, కల్కి, దేవర, హరి హర వీరమల్లు. వరసగా అన్నీ సగంలో ఆగినవే. పెద్ద సినిమాకి టికెట్ రేట్లు పెంచుకోవడానికి ప్రభుత్వాలు అనుమతులిస్తున్నాయి. పుష్ప 2 ప్రీమియర్లకి తెలంగాణలో టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చన్నారు. నలుగురున్న ఇల్లు అలాంటి సినిమాకి వెళ్తే ఎంతవుతుంది? అంత పెట్టి వెళ్లినవాళ్లకి అసలు కథ వచ్చే భాగంలో అంటే ఎలా? దేవర చివర్లో తండ్రిని పొడిచింది కొడుకు వరే అంటారు. ఎందుకు పొడిచాడు? పార్ట్ 2లో. ఆ ప్రశ్న బాహుబలి దగ్గర మనం ఒకసారి మోసేశాం.

బాబాయ్: ఇక్కడే బాహుబలికీ మిగతావాటికీ తేడా ఉంది. 2015లో బాహుబలి మొదటి భాగం చూసి నేను ఆకలితో బయటికి రాలేదు. శివుడు ఎవరో తేలింది, దేవసేన సంకెళ్లు తెగాయి, కాలకేయులతో యుద్ధం మొదలై ముగిసింది. పూర్తి భోజనం అయ్యాక కట్టప్ప నోటి నుంచి ఆ ఒక్క మాట వచ్చింది. కాబట్టే 2017 దాకా సంతోషంగా ఎదురుచూశాం. జవాబు కూడా చిన్నది కాదు. చంపమని చెప్పింది కన్నతల్లిలా పెంచిన శివగామి! ప్రశ్న కంటే జవాబు బరువుగా ఉంది.

హోస్ట్: అక్టోబరు 31న రెండూ కలిపి బాహుబలి ది ఎపిక్ అని వదిలారు కదా, 2025లో. వెళ్లావా?

బాబాయ్: వెళ్లకుండా ఉంటానా! మూడు ముప్పావు గంటల దాకా ఉంది. అవంతిక ప్రేమకథ చాలావరకు తీసేశారు, పచ్చబొట్టేసిన పాట లేదు, కన్నా నిదురించరా లేదు. ఆ పాటలంటే నాకు ఇష్టం, లోటు తెలిసింది. కానీ తండ్రి కథ, కొడుకు కథ ఒకే కూర్చోవడంలో చూస్తే ఎక్కడా అతుకు కనపడలేదు. మొదటినుంచీ మొత్తం కథ చేతిలో పెట్టుకుని రెండుగా తీస్తే అలా ఉంటుంది. ఇప్పటి పార్ట్ వన్‌లలో కొన్నింటికి రెండో భాగం కథ కాగితం మీద ఉందో లేదో అని నాకు అనుమానం.

హోస్ట్: కల్కికి అయితే కథ ఉంది. అశ్వత్థామగా అమితాబ్, చివర్లో భైరవే కర్ణుడని తెలియడం, గాండీవాన్ని విలన్ యాస్కిన్ ఎత్తడం... 2024లో నాకు బాగా నచ్చిన సినిమా అది. కానీ దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ ప్రకటించింది. కథంతా ఆవిడ కడుపులో బిడ్డ చుట్టూనే కదా! దర్శకుడు నాగ్ అశ్విన్ దీన్ని ఎలా దాటతారో చూడాలి. సగంలో ఆపితే వచ్చే ప్రమాదం ఇదే. సినిమా ఆగుతుంది, బయట మనుషుల జీవితాలు ఆగవు.

బాబాయ్: అందుకే ఈ మధ్య నాకు చిన్న సినిమాలే ఎక్కువ తృప్తినిస్తున్నాయి. కోర్ట్ చూడు. విశాఖలో ఇద్దరు పిల్లలు, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టే పోక్సో కేసు, ప్రియదర్శి లాయరు, శివాజీ చేసిన మంగపతి. ఆ మంగపతి లాంటివాళ్లు మనందరి ఇళ్లల్లోనూ ఉంటారమ్మా, పరువు పేరుతో పిల్లల్ని శత్రువుల్లా చూసేవాళ్లు. కేసు తేలింది, సినిమా అయిపోయింది. లిటిల్ హార్ట్స్ కూడా అంతే, హాయిగా నవ్వించి పంపింది.

హోస్ట్: కోర్ట్ 2 తీస్తామంటే?

బాబాయ్: ఆ ఇద్దరు పిల్లల్ని మళ్లీ బోనెక్కించొద్దని చెప్తాను. కావాలంటే ఆ లాయర్‌కి వేరే కేసు ఇవ్వండి, మొదటి రోజే వెళ్తాను.

హోస్ట్: మరి పుష్ప 3? ఇంటిపేరు వచ్చేసింది, బాకీ తీరిందన్నావు. ఆ పెళ్లి పందిట్లోనే బాంబు పేల్చి మూడో భాగం ఉందని పేరు వేశారు.

బాబాయ్: అక్కడ నాకు కోపం వచ్చింది. అన్నదమ్ములు కలిసిన ఆ చోటే సినిమా ఆపాల్సింది. మూడోది తీయాల్సిందేనంటే శ్రీవల్లికి పుట్టబోయే బిడ్డ వైపు నుంచి తీయమను. ఇలాంటి తండ్రికి కూతురిగా పెరగడం ఎలా ఉంటుందో సుకుమార్ తీస్తే నేను చూస్తాను.