ఇల్లు నా పేర, కాపురం పిన్నిది: అమ్మితే పన్నెంత?

యాంకర్: మల్కాజిగిరి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. ఇల్లు మా నాన్నగారు 1988లో కొన్నది. 2012లో ఆయన పోయారు, వీలునామాలో నాకే రాశారు. అందులో మా పిన్ని ఉంటోంది, అమ్మ సొంత చెల్లెలు. అద్దె ఏనాడూ తీసుకోలేదు. మొన్న 2025 డిసెంబర్లో 92 లక్షలకి అమ్మాను. నేనందులో ఒక్కరోజూ ఉండలేదు కదా, మళ్లీ ఇల్లు కొన్నా మినహాయింపు రాదని మా ఆడపడుచు వాళ్లాయన అంటున్నారు. ఆయన బ్యాంకులో చేశారు లెండి, అందుకే...

ఆడిటర్: వస్తుందమ్మా. యజమాని అందులో కాపురముండాలని ఈ మినహాయింపు ఇచ్చే ఆదాయపన్ను చట్టం సెక్షన్ 54లో ఎక్కడా లేదు. అది నివాసపు ఇల్లయి, 24 నెలలు దాటి మీ సొంతమై ఉంటే చాలు. మీ నాన్నగారి కాలమూ కలుస్తుంది.

కాలర్: కరెంటు బిల్లు పిన్ని పేరనే వస్తోందండీ.

ఆడిటర్: రానివ్వండి. దస్తావేజు, వీలునామా చూస్తారు గానీ కరెంటు బిల్లు కాదు. లెక్క రాసుకోండి. నాన్నగారు కొన్న ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ వేసుకోవచ్చు. అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదు. అందుకే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆ విలువ కాగితం ముందు తెచ్చుకోండి. అది 6 లక్షలనుకుందాం. ఇండెక్సేషన్, అంటే ధరల పెరుగుదలకి తగ్గట్టు పాత విలువను పెంచడం, అది లేకుండా లాభం 86 లక్షలు, 12.5 శాతం అంటే 10.75 లక్షలు. ఇండెక్సేషన్‌తో 6 లక్షలు 22.56 లక్షలవుతుంది, లాభం 69.44, దాని మీద 20 శాతం 13.89 లక్షలు. మీకు మొదటిదే తక్కువ. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి ఆ పన్ను మీద 10 శాతం సర్‌చార్జీ, ఆ పైన 4 శాతం సెస్.

కాలర్: పిన్ని ఖాళీ చేసినందుకు 8 లక్షలిచ్చాను. అది ఖర్చులో తీసేయొచ్చా?

ఆడిటర్: ఆమెకి ఇంట్లో హక్కున్నట్టు కాగితముందా?

కాలర్: లేదండీ. పాపం ఎక్కడికి వెళ్తుందని...

ఆడిటర్: మంచి పని చేశారు. కానీ అది అభిమానంతో ఇచ్చింది, అమ్మకం ఖర్చని అధికారి ఒప్పుకోరు. ఇంకోటి, చాలామంది ఇక్కడే పొరబడతారు. పిన్ని మీకిస్తే పన్నులేని బహుమతి. మీరు పిన్నికిస్తే అలా కాదు. పుచ్చుకునేవాళ్ల బంధువుల జాబితాలో అక్క కూతురు లేదు. ఆ 8 లక్షలు ఆమె రిటర్న్‌లో చూపాలి. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, పన్ను పడదు. చూపకపోతేనే నోటీసు.

కాలర్: సరేనండీ. అయితే ఇల్లు కొంటే మినహాయింపు...

ఆడిటర్: వస్తుందమ్మా, వస్తుంది! 92 కాదు, లాభం 86 పెడితే చాలు. 2027 డిసెంబర్ లోపు కొనండి, కట్టుకుంటే 2028 డిసెంబర్. 2026 జూలై 31 నాటికి ఖర్చు కాని డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లో, అంటే ఇలాంటి లాభాల కోసమే ఉన్న ప్రత్యేక ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేస్తే మినహాయింపు పోయినట్టే. ఇల్లొద్దనుకుంటే ఆర్‌ఈసీ లాంటి ప్రభుత్వ సంస్థల బాండ్లున్నాయి, 50 లక్షల దాకా, ఆరు నెలల్లోపే. కొన్నవాళ్లు మీ సొమ్ములోంచి ముందే పన్నుగా కోసిన 92,000 టీడీఎస్ మీ పాన్‌లో పడిందో లేదో ఈ రాత్రే చూసుకోండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఉప్పల్ నుంచి, చెప్పండి సార్.

కాలర్: మా అన్న కొడుకు నా ఇంట్లోనే ఉంటున్నాడు. వాడికే 40 లక్షలకి ఇద్దామని. రిజిస్ట్రేషన్ విలువ 60.

ఆడిటర్: మీ లాభం 60 మీదే లెక్కేస్తారు బాబూ. మీ ధరకీ దానికీ తేడా పది శాతం దాటింది కదా. బాబాయి నుంచి వచ్చింది కాబట్టి ఆ 20 లక్షల తేడాకి అబ్బాయికి పన్నుండదు. కానీ అతను 60 మీద ఒక శాతం, 60,000, టీడీఎస్ కట్టాలి. అద్దె ఇచ్చినా ఇవ్వకపోయినా ఇంతే.

యాంకర్: శామీర్‌పేట.

కాలర్: ఖాళీ ప్లాటు అమ్మి ఇల్లు కొంటే లాభం వరకు పెడితే సరిపోతుందా?

ఆడిటర్: సరిపోదు. ప్లాటుకి అమ్మిన సొమ్ము మొత్తం పెట్టాలి. అమ్మేనాటికి మీ పేర ఒక ఇంటికి మించి ఉండకూడదు.

యాంకర్: ఆఖరి కాల్, బోడుప్పల్. త్వరగా చెప్పండి.

కాలర్: ఇల్లు అమ్ముతుంటే అడ్వాన్సు 5 లక్షలు నగదుగా ఇస్తామంటున్నారు, మా బావమరిదే కదా అని...

ఆడిటర్: తీసుకోవద్దు. బావమరిదైనా సరే, 20,000, ఆపైన నగదైతే ఎంత తీసుకుంటే అంత జరిమానా. చెక్కు అడగండి.

యాంకర్: సమయం అయిపోయిందండీ, నమస్కారం.