రెండు పరమాణువుల్ని కాంతితో కలిపితే

అందరికీ నమస్కారం. అతిచల్లని పరమాణువుల్ని కాంతితో జతచేసి అణువులుగా మార్చడం గురించి చెబుతాను.

గది ఉష్ణోగ్రత దగ్గర రుబీడియం పరమాణువు సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో పరిగెడుతుంటుంది. ఎదురుగా సరైన రంగు లేజర్ వేస్తే, అది మింగే ఒక్కో ఫోటాన్‌కు, అంటే కాంతి రేణువుకు, దాని వేగం సెకనుకు 6 మిల్లీమీటర్ల చొప్పున తగ్గుతుంది. అంటే దాన్ని ఆపడానికి దాదాపు 50,000 ఫోటాన్లు కావాలి. పరమాణువుకు అదేమంత కష్టం కాదు. మింగిన ఫోటాన్‌ను వదిలేసి మళ్లీ మొదటికి వస్తుంది, సెకనులో కోటిసార్లయినా ఈ పని చేయగలదు. పరమాణువుల వేగం తగ్గడమంటే అవి చల్లబడడమే. ఈ లేజర్ శీతలీకరణకు స్టీవెన్ చూ, క్లాడ్ కోహెన్-టానూజీ, విలియం ఫిలిప్స్ 1997లో నోబెల్ అందుకున్నారు.

అణువు దగ్గర ఇదే పద్ధతి మొరాయిస్తుంది. అణువు కంపిస్తుంది, గిరగిరా తిరుగుతుంది కూడా. ఫోటాన్‌ను వదిలాక ఏ కంపన స్థాయిలోకి జారుతుందో మన చేతిలో ఉండదు. కాసేపటికే లేజర్‌కు అందని స్థాయిలోకి వెళ్లిపోతుంది. స్ట్రాన్షియం మోనోఫ్లోరైడ్ లాంటి కొన్నింటిని 2010 నుంచి నేరుగానే చల్లబరుస్తున్నారు గానీ, అవి మినహాయింపులు. అందుకే చాలామంది వేరే దారి పట్టారు: ముందు పరమాణువుల్ని చల్లబరచి, ఆ చలిలోనే వాటిని జతచేయాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బంధం ఏర్పడితే శక్తి విడుదలవుతుంది. దాన్ని మోసుకెళ్లేది ఏదీ లేకపోతే, ఢీకొన్న రెండు పరమాణువులూ అతుక్కోకుండానే విడిపోతాయి. మూడో పరమాణువు మోసుకెళితే, ఆ విసురుకు అన్నీ వేడెక్కి, వాటిని పట్టి ఉంచిన ఉచ్చులోంచి ఎగిరిపోతాయి. కాబట్టి ఆ పని కాంతికే అప్పగించాలి. ఈ రంగంలో మంచి ప్రయోగాలన్నిటి వెనుకా నాకు కనిపించేది ఈ ఒక్క అవసరమే.

మొదటి ఉపాయం ఫోటోఅసోసియేషన్. దగ్గరకొచ్చిన రెండు పరమాణువులు కలిసి ఒక ఫోటాన్‌ను మింగి, ఉత్తేజిత (ఎక్కువ శక్తి ఉన్న) అణువుగా మారతాయి. కొన్ని పదుల నానోసెకన్లలో అది ఫోటాన్‌ను వదిలేస్తుంది. చాలాసార్లు మళ్లీ రెండు పరమాణువులే మిగులుతాయి, కొన్నిసార్లు మాత్రం బంధం నిలుస్తుంది. 1998లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో పియర్ పిలే బృందం సుమారు 300 మైక్రోకెల్విన్ల (పరమశూన్యం కన్నా కెల్విన్‌లో పది లక్షల వంతులు 300 మాత్రమే ఎక్కువ) దగ్గర సీజియం అణువుల్ని ఇలాగే చేసింది. అయితే అవి ఏ స్థాయిలో పడతాయన్నది యాదృచ్ఛికమే.

ఆ యాదృచ్ఛికతను తొలగించినది 2008 నాటి ప్రయోగం. అమెరికాలోని బౌల్డర్‌లో, జిలా (JILA) అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో డెబొరా జిన్, జున్ యే బృందం పొటాషియం, రుబీడియం పరమాణువుల్ని ముందు అయస్కాంత క్షేత్రంతో చాలా వదులైన జంటలుగా కలిపింది. తర్వాత రెండు లేజర్లు వాడింది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, గమ్యస్థాయికి సంబంధించిన లేజర్ ముందు వెలగాలి, జంటను కదిలించే లేజర్ ఆ తర్వాత. అలా చేస్తే మధ్యలోని ఉత్తేజిత స్థాయిలో ఆగకుండానే అణువు నేరుగా అట్టడుగు స్థాయికి దిగుతుంది. ఉష్ణోగ్రతగా లెక్కిస్తే 6,000 కెల్విన్లకు సమానమైన శక్తి లేజర్ కాంతితోపాటు వెళ్లిపోయింది. అణువులు మాత్రం 350 నానోకెల్విన్ల (నానో అంటే వంద కోట్లలో ఒక వంతు) దగ్గరే ఉన్నాయి! ఎన్నిసార్లు చదివినా నాకు ఇది అబ్బురంగానే ఉంటుంది. డెబొరా జిన్ 2016లో, 47 ఏళ్లకే కన్నుమూశారు. ఆమె ఉంటే ఈ రంగం ఇంకెంత దూరం వెళ్లేదో అనిపిస్తుంది.

ఇక బంధించడం. ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌ను ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తే, కాంతి తీవ్రత ఎక్కువున్న చోటికి అణువు లాగబడుతుంది. అయస్కాంతత్వం లేని అణువునైనా ఇలా పట్టుకోవచ్చు. హార్వర్డ్‌లో కాంగ్-క్వెన్ ని బృందం 2018లో ఒక్క సోడియం పరమాణువును, ఒక్క సీజియం పరమాణువును ఇలాంటి కాంతి పట్టకార్లతో తెచ్చి, ఒకే చోట ఉంచి, ఫోటాన్‌తో ఒక అణువుగా కలిపింది.

కానీ పట్టుకున్న అణువులు ఎక్కువసేపు నిలవలేదు. పొటాషియం-రుబీడియం అణువులు రెండు తగిలితే, ఆ చలిలోనూ రసాయన చర్య జరిగి పొటాషియం జంట, రుబీడియం జంట ఏర్పడతాయి. పైగా, ఢీకొన్న రెండు అణువులు కాసేపు ఒక ముద్దగా ఉన్నప్పుడు, బంధించే లేజరే వాటిని ఉత్తేజపరచి నాశనం చేస్తుందని హార్వర్డ్ బృందమే తర్వాత చూపించింది.

దీనికి మందు మైక్రోవేవ్‌లలో దొరికింది. సరైన ఫ్రీక్వెన్సీ మైక్రోవేవ్ తగిలితే అణువుల ద్విధ్రువాలు (ఒక కొన ధనావేశం, మరో కొన రుణావేశం ఉన్న అమరిక) దాంతోపాటు తిరుగుతాయి, మరీ దగ్గరకొచ్చినప్పుడు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ విల్ బృందం ఈ కవచంతో సోడియం-సీజియం అణువుల్ని సుమారు 6 నానోకెల్విన్లకు చేర్చి, అణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలో చేరి ఒక్కటిగా ప్రవర్తించే బోస్-ఐన్‌స్టీన్ ద్రవ్యస్థితిని సాధించింది. ఆ ఫలితం 2024లో వెలువడింది. అది దాదాపు 2 సెకన్లు నిలిచింది.