తారీఖు కాదు, రక్తం ఎంత పోతోందో చూడండి
(హైదరాబాద్, ఉప్పల్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో తల్లులకు, అమ్మాయిలకు ఒక గైనకాలజిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లల్ని బయటికి పంపకండమ్మా, వాళ్లు వినాలనే వచ్చాను. తండ్రులు కూడా కొందరు వచ్చారు, సంతోషం.

పాప పెద్దమనిషి అయిందనగానే ఫంక్షన్ హాల్ వెతుకుతాం. మరుసటి నెల అదే తారీఖుకు నెలసరి రాకపోతే టెన్షన్ మొదలు. "డాక్టరమ్మా, 40 రోజులైంది, టాబ్లెట్ రాయండి" అంటారు. నేను రాయను. ఎందుకో చెబుతా.

మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది పంపే హార్మోన్లతో అండాశయంలో అండం పెరుగుతుంది. అప్పుడు తయారయ్యే ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను మందంగా చేస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే దాదాపు రెండు వారాలకు ప్రొజెస్టెరాన్ పడిపోయి, పొర ఊడి రక్తంతో బయటికొస్తుంది. కొత్తలో చాలా నెలలు అండం విడుదలే కాదు. ఇక తారీఖు ఎక్కడినుంచి వస్తుంది? ఇది కుదురుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందాకా 21 నుంచి 45 రోజుల్లో ఎప్పుడొచ్చినా కంగారు అక్కర్లేదు. మూడు నెలలు దాటినా రాకపోతే చూపించండి. 13 ఏళ్లు నిండినా రొమ్ములు పెరగడం మొదలవకపోయినా, 15 నిండినా మొదటిసారి రాకపోయినా అంతే.

బోనాలప్పుడు ఇంకో తంతు. మెడికల్ షాపుకెళ్లి నెలసరి వాయిదా మాత్ర అడిగి తెచ్చుకోవడం! ఆ మాత్ర రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి. అసలు తేదీయే తెలియని పాపకు దేన్ని వాయిదా వేస్తున్నట్టు? పైగా ఇంట్లో ఎవరికైనా రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా, ఉంటే ఈ మాత్ర ప్రమాదం కావచ్చు కదా అని షాపులో అడిగేదెవరు?

ఇన్ని అడుగుతారు గానీ, రక్తం ఎంత పోతోందని మాత్రం ఎవరూ అడగరు. సగటున ఒక్కో నెల పోయేది 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే దగ్గు సిరప్ సీసాకుండే 10 మిల్లీలీటర్ల మూతతో మూడు నాలుగు మూతలు. 80 దాటితే ఎక్కువే. కొలిచి చూడలేం కాబట్టి గుర్తులు చెబుతా. గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతోందా? రూపాయి బిళ్లంత గడ్డలు పడుతున్నాయా? రాత్రి నిద్రలేచి మార్చుకోవాల్సి వస్తోందా? ఏడు రోజులు దాటుతోందా? "మా ఇంట్లో అందరికీ ఇంతే" అని సరిపెట్టుకోకండి. మొదటిసారి నుంచే ఇలా పోతుంటే రక్తం సరిగా గడ్డకట్టని లోపం ఉందేమో పరీక్ష చేయించాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఐరన్‌ది. విరేచనం నల్లగా అవుతోందని పిల్లలు దాన్ని పారేస్తారు. నల్లగా అవడం మామూలే తల్లీ, వేసుకో. అన్నం తిన్న వెంటనే చాయ్ మాత్రం వద్దు, అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. జామకాయ, నిమ్మరసం మంచివి.

నొప్పికి మాత్ర వేస్తే అలవాటవుతుందా అంటారు. కాదు. డాక్టర్ చెప్పిన మాత్ర నొప్పి మొదట్లోనే వేస్తే బాగా పనిచేస్తుంది. నెలసరి రోజుల్లో తలస్నానం కూడా నిక్షేపంగా చేయొచ్చు.

ఇక పేరు రాయకుండా చీటీల మీద మీ ప్రశ్నలు రాసి ఇటు పంపండి. పిల్లల చీటీలు ముందు చదువుతాను.