దశదినకర్మ అయిపోయాక ఆ ఇంటికి ఎవరెళ్తారు?

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకు వినపడుతోందా? మైక్ కొంచెం గీ పెడుతోంది, ఓపిక పట్టండి, ఎండ ఎక్కకముందే మిమ్మల్ని వదిలేస్తాను.

ఇంత పొద్దున్నే హనుమకొండ స్టేడియానికి ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు. కాలేజీ పిల్లలు వచ్చారు, పోలీస్ అన్నలు వచ్చారు, చీర కట్టుకుని మామూలు చెప్పులతోనే వచ్చిన అమ్మలు కూడా కనిపిస్తున్నారు. ఇది ఆత్మహత్యలో తమ మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళ కోసం పెట్టుకున్న పరుగు, ఇక్కడ టైమింగ్ లేదు, ఫస్ట్ ప్రైజ్ లేదు. ఐదు కిలోమీటర్లు ఉరికినా సరే, నడిచినా సరే, మధ్యలో కూర్చుని మళ్ళీ లేచి వచ్చినా సరే. మీ నంబర్ కాగితం మీద కింద ఒక ఖాళీ గీత ఉంది చూడండి, మీరు ఎవరి కోసం వచ్చారో ఆ పేరు రాసుకోవచ్చు. కొందరు రాసుకున్నారు, కొందరు వదిలేశారు. ఎందుకు రాయలేదని పక్కవాళ్ళను అడగకండి.

లెక్క ఒక్కటే చెప్తాను. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల బ్యూరో చెప్పింది. పోలీసుల దాకా వచ్చినవే అందులో ఉంటాయి. మన వరంగల్‌కు అయితే ఇది కొత్త కాదు. 1997-98లో పత్తికి పురుగు పట్టి, ఎన్ని మందులు కొట్టినా చావక, అప్పులు మీద పడి రైతులు పోయారు, మన జిల్లా పేరు దేశమంతా పేపర్లలో వచ్చింది. అప్పుడు నాన్నను పోగొట్టుకున్న చిన్నపిల్లలకు ఇప్పుడు ముప్పై దాటింది. ఇన్నేళ్ళూ వాళ్ళను ఎవరు పలకరించారు అన్నదే నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది.

మా తమ్ముడు పోయినప్పుడు ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ మా అమ్మను ఒకటే అడిగారు, ఎందుకు చేసుకున్నాడమ్మా అని. పొద్దున వచ్చినవాళ్ళకు చెప్పిందే సాయంత్రం వచ్చినవాళ్ళకు చెప్పాలి, అదీ ఏడుస్తూ చెప్పాలి, ఏడవకపోతే దానికో మాట. మా మరదలి వంక చూసి గుసగుసలు. ఇంట్లో ఏదో గొడవైందట అని ఒకరంటే, ఈమెకు ముందే తెలుసట అని ఇంకొకరు. ఒక మనిషి ఆ స్థితికి రావడానికి అప్పు, జబ్బు, తాగుడు, డిప్రెషన్, అవమానం ఇలా ఎన్నో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, దాన్నంతా తీసుకెళ్ళి ఇంట్లో ఉన్న ఆడమనిషి నెత్తిన పెట్టడం మన ఊళ్ళలో చాలా తేలిక. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోవట్లేదు.

దశదినకర్మ దాకా ఇల్లు నిండా జనం, ఆ తర్వాత ఎవరూ ఉండరు. అసలు పని అప్పుడు మొదలవుతుంది, ఆ పని ఏంటంటే కాగితాలు. నవ్వకండి, నిజంగా కాగితాలే. ఇలాంటి చావులో పోలీసులు పంచనామా చేయాలి, పోస్ట్‌మార్టం జరగాలి, ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం, 194వ సెక్షన్ కింద ఉంది. అది చావుకు కారణం తేల్చే విచారణ మాత్రమే, కానీ చాలా ఇళ్ళలో తమ మీదే కేసు పెట్టారని భయపడి ఆ రిపోర్టుల కాపీలు అడగడానికి కూడా స్టేషన్‌కు వెళ్ళరు. తర్వాత డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, భూమి ఉంటే విరాసత్, అంటే పట్టా వారసుల పేరు మీదికి మార్చుకోవడం, బ్యాంకులో నామినీ. చంకలో బిడ్డను పెట్టుకుని ఒక మనిషి ఎన్ని ఆఫీసులు తిరుగుతుంది?

ఇన్సూరెన్స్ సంగతి అయితే గట్టిగా చెప్పాలి. ఆత్మహత్య అంటే పైసా రాదని ఊళ్ళో ఎవరో ఒకరు అంటారు, వీళ్ళు నమ్మేసి బాండు పేపర్ బీరువాలో పెట్టేస్తారు. అది తప్పు. మామూలు జీవిత బీమా పాలసీలో ఈ షరతు మొదటి 12 నెలలకే ఉంటుంది. ఆ ఏడాది దాటాక జరిగితే, పాలసీ నడుస్తూ ఉంటే, కారణం ఇదీ అని క్లెయిమ్ ఆపడానికి లేదు. ఆ ఏడాది లోపే అయినా కట్టిన ప్రీమియంలో కనీసం 80 శాతం నామినీకి ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2018లో తెచ్చిన రైతు బీమా కూడా ఏ కారణంతో పోయినా 5 లక్షలు అనే పెట్టారు, 18 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉన్న పట్టాదారు అయితే చాలు. కౌలు రైతుకు పట్టా ఉండదు కాబట్టి అది రాదు, అందరికంటే ఎక్కువ అప్పులో ఉండేది అతనే అయినా సరే. ఇది అన్యాయం అని నేను ఎక్కడైనా అంటాను.

ఇవాళ మీరు కట్టిన ఎంట్రీ ఫీజు ఇందుకే పోతుంది. ఆటో ఛార్జీలు, జిరాక్సులు, ఆఫీసుకు తోడు వెళ్ళే మనిషి, పిల్లల స్కూల్ ఫీజు, కావాల్సినవాళ్ళకు కౌన్సెలింగ్. ఫ్లెక్సీలకు ఒక్క రూపాయి పెట్టలేదు, ఫ్లెక్సీ ఏదని అడిగిన పెద్దమనుషులు కూడా ఉన్నారనుకోండి.

ఆత్మహత్యలు ఆపడం గురించి మాట్లాడకుండా వెనక మిగిలినవాళ్ళ గురించే చెప్తున్నావేంటి అక్కా అని మా వాలంటీర్ పిల్లలు నన్ను అడుగుతారు. నాకు ఈ రెండూ వేరు కాదు. ఇంట్లో ఒకరు అలా పోతే మిగిలినవాళ్ళకూ ఆ ఆలోచన వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకని ఆ ఇంటికి వెళ్ళినప్పుడు సూటిగా అడగండి, బతకాలనిపించట్లేదా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడతారు, అలా రాదు. అడగడం వల్ల చాలామందికి గుండెలో బరువు దిగుతుంది. అవును అంటే ఒంటరిగా వదలకండి, క్లాసు పీకకండి, 14416కు ఫోన్ కలపండి. అది ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, డబ్బులు పడవు, అర్ధరాత్రి అయినా తెలుగులో మాట్లాడతారు.

ప్రయత్నం చేసి బతికిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తే జైల్లో వేస్తారేమో అనే భయం పాతది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వాళ్ళను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడమంది, శిక్షించొద్దంది. 2024 జూలై నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత 309 సెక్షన్ లేనే లేదు. కాబట్టి దాచకండి, నిమిషం ఆలస్యం చేయకండి.

పొలం మందులు ఇంట్లో పెట్టుకునేవాళ్ళు తాళం వేయండి, లేదా పక్కింటివాళ్ళ దగ్గర పెట్టండి. చిన్న పని అనిపిస్తుంది కానీ, శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే, 1995 నాటితో పోలిస్తే ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. ఆ క్షణం గడిచేదాకా చేతికి అందకపోతే చాలామంది బతుకుతారు, బతికినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ అటు పోరు.

ఇంకో మాట, అది మన ఆడవాళ్ళకు. మొదటి ఏడాది మా మరదలిని బతుకమ్మకు ఎవరూ పిలవలేదు. అశుభం అన్నారో, ఆమెకు బాధవుతుందనుకున్నారో తెలీదు, ఇంట్లో కూర్చుని పాటలు వింటూ ఉంది. మీ వీధిలో అలాంటి మనిషి ఉంటే వెళ్ళి పిలవండి. రాను అంటే సరే, వచ్చే ఏడాది మళ్ళీ పిలవండి. పోయినవాళ్ళ పేరు ఎత్తడానికి భయపడకండి, వాళ్ళ ఇంట్లో ఆ పేరు అందరూ మానేసి చాలా రోజులై ఉంటుంది.

సరే, ఇక రూటు. గేటు బయటికి రాగానే ఎడమ పక్కనే ఉండండి, కుడి పక్క బండ్లు వస్తుంటాయి. మంచినీళ్ళు సగం దూరంలో ఒకచోట, మళ్ళీ ఇక్కడ ఒకచోట. పిల్లలతో వచ్చినవాళ్ళు వెనక నిలబడండి. మనసు బరువెక్కి పరుగు ఆపేయాలనిపిస్తే స్టేజీ పక్కన నీలం టెంట్ ఉంది, అందులో కౌన్సెలర్లు ఉన్నారు, అక్కడికి ఫోన్ కెమెరాతో ఎవరూ వెళ్ళొద్దు. రీల్స్ తీసుకునే తమ్ముళ్ళూ, మీ కాళ్ళు తీసుకోండి, మీ షూస్ తీసుకోండి, ఎదుటివాళ్ళ ఏడుపు మాత్రం వద్దు. విజిల్ ఇంకో ఐదు నిమిషాల్లో, బాత్‌రూమ్‌కు వెళ్ళాల్సినవాళ్ళు ఇప్పుడే వెళ్ళి రండి.