అడవివరం: నిన్న, నేడు
(కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు. ఈ ఉక్కలో దాన్ని పక్కన పెట్టే మాట్లాడతాను.

సింహాచలం కొండ కింది మన ఊరి చరిత్ర చెప్పమన్నారు. కొండ మీద గుడిలో 1098-99 నాటి శాసనం ఉంది, కుళోత్తుంగ చోళుడి కాలానిది. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి సింహాద్రి అప్పన్న స్వామికి నగలు సమర్పించాడు. రాజుల సంగతి రాళ్లే చెబుతాయి. నేను అనాస తోటల సంగతి చెబుతాను.

కొండ వాలున పనస, మామిడి నీడలో అనాస వేసేవారు. దున్నేది లేదు, నీరు కట్టేది లేదు. వాన పడితే పంట. ఆషాఢానికి పళ్లు ముగ్గేవి. మా అమ్మ తెల్లారకముందే కొండెక్కి, తట్ట నెత్తిన పెట్టుకుని రాళ్ల మీద దిగేది. నన్ను ముందు నడవనిచ్చేది కాదు. "నాను జారితే తట్ట నీ మీద పడతాదిరా" అనేది. రెండు చేతుల నిండా ముళ్లాకు గీతలే.

ఎక్కడున్నాను? ఆఁ, నేడు. హనుమంతవాక నుంచి ముడసర్లోవ మీదుగా పెద్ద రోడ్డొచ్చింది. 2005లో గ్రేటర్ విశాఖ అయ్యాం. అపార్ట్‌మెంట్లు లేచాయి. దేవస్థానంతో మన పంచగ్రామాల భూసమస్య ఎత్తుకుంటే మీ భోజనాలు చల్లారిపోతాయి, వదిలేస్తున్నా. 2014లో వచ్చిన తుఫాను, హుద్‌హుద్‌కి కొండ మీద చెట్లు కూలాయి. నీడ పోతే అనాసకి బతుకేది?

అయినా ఇంకా కొందరు పండిస్తున్నారు బాబూ! గిరి ప్రదక్షిణకి లక్షల మంది కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. సరిగ్గా పళ్లు దిగే రోజులవి. కిందటేడు ఆ ముందురోజే మనవాళ్ల తట్టలు రోడ్డు పక్కనుంచి లేపేశారు. ఎవరు లేపారో పేరు చెప్పను. తెల్లారేసరికి అదే చోట ఎవరిదో కూల్‌డ్రింకుల బండి! మా అమ్మ ఉంటే ఆ బండిని... సరే, సభామర్యాద.

మీలో ఎంతమంది కొండ పండు కొంటున్నారు? ఫోన్లో నొక్కితే కోసిన ముక్కలు డబ్బాలో వస్తున్నాయి కదా! నవ్వకండమ్మా, మా ఇంట్లోనూ అంతే.

నేనడిగేది ఒక్కటే. మెట్లదారి దగ్గర ఒక రేకుల షెడ్డు, తాగేందుకు ఒక కుళాయి, సీజన్లో తట్టలవాళ్లని ఎవరూ లేపకూడదని ఒక ఉత్తర్వు. అర్జీ రాసి తెచ్చాను. వెనక వరస నుంచి సంతకాలు మొదలుపెట్టండి. పెన్ను మాత్రం తిరిగివ్వండి, అది మా కోడలిది.