బేస్‌మెంట్‌లో ఎండ కాయించాం, అత్తయ్య కళ్ళు మండాయి

హాయ్ అండీ, బాగున్నారా. ఇప్పుడు టైమ్ సాయంత్రం అయిదు, బయట చూడండి, చీకటి పడిపోయింది. అమెరికాలో మేముండే మినియాపొలిస్‌లో డిసెంబర్ అంటే ఇంతే, పొద్దున ఎనిమిదవుతుందనగా సూర్యుడు వస్తాడు, నాలుగున్నరకల్లా వెళ్ళిపోతాడు, ఆ మధ్యలో కూడా ఏదో మొహమాటానికి వచ్చినట్టే ఉంటాడు. మనమైతే కోట్ల మీద కోట్లు తొడుక్కుని బతికేస్తాం, కరివేపాకు మొక్క ఏం తొడుక్కుంటుంది చెప్పండి. మొదటి ఏడాది ఆకులన్నీ రాల్చేసి చీపురుపుల్లలా నిలబడింది.

అందుకని దానికి ఎండ బదులుగా కిందటేడు మా ఆయన ఒక లైటు తెచ్చారు. ఎవరిదో గోడౌన్‌లో పాతవి పీకేసి ఎల్‌ఈడీలు పెడుతున్నారట, 400 వాట్ల మెటల్ హాలైడ్ లైటు, డబ్బాతో సహా 40 డాలర్లు. డబ్బా అంటే బ్యాలస్ట్ అండీ, పాత ట్యూబ్‌లైటుకి చోక్ ఉండేది చూడండి, దానికి పెద్దన్నయ్య. ఈ బల్బుల్లో ఫిలమెంట్ ఉండదు. మధ్యలో బొటనవేలంత గొట్టం, అందులో పాదరసం, కొన్ని లవణాలు, కరెంటు ఆ ఆవిరిలోంచి దూకుతూ వెలుగుతుంది. ఆ దూకుడుకి కళ్ళెం వేసేదే బ్యాలస్ట్, అది లేకుండా ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.

బల్బు మాత్రం మేం విడిగా కొన్నాం, అక్కడే మొదటి తప్పు. సోడియం బల్బు చవగ్గా దొరికింది, పైగా అదే 400 వాట్లకి 50 వేల ల్యూమెన్లు, అంటే వెలుతురు కొలత, ఇస్తుంది, మెటల్ హాలైడ్ అయితే 36 వేల నుంచి 40 వేల దాకానే. మర కూడా ఒకటే, హోల్డర్‌లో చక్కగా బిగిసింది. వెలగలేదు! బల్బు పాడైందని మా ఆయన ఒకటే తిట్టుకున్నారు. తీరా చూస్తే బ్యాలస్ట్ మీద ఎం59 అని రాసి ఉంది, బల్బు మీద ఎస్51 అని ఉంది. ఎం అంటే మెటల్ హాలైడ్, ఎస్ అంటే సోడియం. సోడియం బల్బు అంటుకోవాలంటే వేల వోల్టుల దెబ్బ కొట్టే ఇగ్నైటర్ కావాలి, మా డబ్బాలో అది లేనే లేదు. బల్బు కొనేముందు చూడాల్సింది వాట్లు కాదు, మర కాదు, బ్యాలస్ట్ మీద ఉన్న ఆ అక్షరం, ఆ నంబరు. రెండింటి మీదా ఒకటే ఉండాలి. అయినా మన హైవేల మీద ఒకప్పుడు వెలిగిన ఆ పసుప్పచ్చ వెలుగులో పచ్చాకు ఏదో, ఎండాకు ఏదో నాకైతే తెలిసేది కాదు, ఆకుల కోసం పెంచే మొక్కకి తెల్లదే నయం అని చివరికి మెటల్ హాలైడ్ బల్బే పెట్టాం.

ఇంకోటి, గోడౌన్లలో ఇవి ఎక్కువగా 277 వోల్టుల మీద నడుస్తాయి, ఇంట్లో మనకి ఉండేది 120. బ్యాలస్ట్‌లోంచి నాలుగు వోల్టేజీలకి నాలుగు వైర్లు వస్తాయి, ఒకటే కలపాలి, మిగతా మూడింటికీ విడివిడిగా టోపీలు బిగించాలి. అది మేం ముట్టుకోలేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం, 40 డాలర్ల లైటుకి ఆయన చార్జీ మూడింతలైంది, నవ్వకండి. ప్లగ్గు పీకినా లోపల కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుందని, మూత విప్పొద్దని ఆయనే చెప్పి వెళ్ళారు.

ఇక అసలు కథ. జనవరిలో అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. వచ్చిన రెండో రోజుకే బేస్‌మెంట్‌లో ఆ లైటు కింద కుర్చీ వేయించుకున్నారు. "ఇక్కడైతే ఎండ తగులుతోందే అమ్మాయ్" అని జపం అక్కడే, చిక్కుళ్ళు వలవడం అక్కడే. నాకూ ముచ్చటేసింది. ఒకరోజు పొద్దున మొక్కకి నీళ్ళు చిలకరిస్తుంటే నాలుగు చుక్కలు బల్బు మీద పడ్డాయట, టప్‌మని శబ్దం వచ్చింది, పై గాజు పగిలింది. కానీ లైటు ఆరలేదు! లోపలి గొట్టం బాగానే ఉంది కదా, అది వెలుగుతూనే ఉంది. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. వెలుగుతోంది కదా అని ఆవిడ గాజుముక్కలు ఏరేసి, అక్కడే కూర్చుని జపం పూర్తి చేసుకున్నారు.

రాత్రి తొమ్మిదికి మొదలైంది, కళ్ళల్లో ఇసుక పోసినట్టుందని, నీళ్ళు ధారగా కారుతున్నాయి, మొహం కందిపోయింది. నాకు టెన్షన్‌తో కాళ్ళూచేతులూ ఆడలేదు. పరుగున డాక్టర్ దగ్గరికి వెళితే, అద్దాలు లేకుండా వెల్డింగ్ చూసినవాళ్ళకి వచ్చేదే ఇదీ అన్నారు. అతినీలలోహిత కిరణాల్ని ఆపేది ఆ పై గాజేనట, అది పోయాక నేరుగా మొహం మీదే. దేవుడి దయ, రెండు రోజుల్లో తగ్గిపోయింది.

ఇలాంటి ప్రమాదాలు స్కూల్ జిమ్‌లలో బంతి తగిలి కూడా జరిగాయట, ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. మెటల్ హాలైడ్ బల్బు మీద ఆర్ అని గానీ టీ అని గానీ రాసి ఉంటుంది. టీ రకం పై గాజు పగిలితే 15 నిమిషాల్లోపు దానంతటదే ఆరిపోతుంది. ఆర్ రకం ఆరదు. మాది ఏదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడు టీ రకం బల్బు పెట్టాం, కింద గట్టి గాజు మూత ఉన్న షేడ్ పెట్టించాం, లోపలి గొట్టమే పేలినా ముక్కలు మీద పడకూడదు కదా. నీళ్ళు పోసేది లైటు ఆర్పి చల్లారాకే. ఇదిగో చూడండి, ఆర్పి వెంటనే స్విచ్ వేస్తున్నాను... ఏమీ లేదు. పాడవలేదండీ, చల్లారడానికి పావుగంట పడుతుంది, అందాకా ఎన్నిసార్లు టకటకలాడించినా వెలగదు. పాత బల్బుని చెత్తలో వేయలేదు, పాదరసం ఉంటుంది కాబట్టి కౌంటీ వాళ్ళ ప్రమాదకర వ్యర్థాల సెంటర్‌లో ఇచ్చి వచ్చాం.

కొత్తగా కొనేవాళ్ళయితే హాయిగా ఎల్‌ఈడీ కొనుక్కోండి, నేను దాచను. రోజుకి 12 గంటలు వెలిగిస్తే బ్యాలస్ట్ తినేదానితో కలిపి అయిదున్నర యూనిట్లు, నెలకి పాతిక డాలర్లు. ఆ డబ్బుతో స్టోర్‌లో ఎన్ని కరివేపాకు ప్యాకెట్లు వస్తాయో మా ఆయన ప్రతి బిల్లుకీ లెక్క చెబుతారు.

సరే, పావుగంటైంది, వేస్తున్నా. ముందు గులాబీరంగులో మిణుకుమంటుంది, పూర్తి వెలుతురు రావడానికి నాలుగైదు నిమిషాలు. ఈలోగా ఫోన్ మోగుతోంది, అత్తయ్యే, అక్కడ ఇంకా తెల్లవారుజామే. రోజూ మొదటి ప్రశ్న ఒకటే, "అమ్మాయ్, ఎండ వెలిగించావా?"