బరువు ఎవరు మోస్తే ఏం?

(నెల్లూరులో సంగీతాభిమానుల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. హరికథకులు సాంబమూర్తి గారు, వారబ్బాయి బాలసుబ్రహ్మణ్యం గారు పాడిన ఊళ్లో హెవీ మెటల్ అనే గిటార్ల హోరు రాక్ సంగీతం గురించి మాట్లాడతానంటే, "ఆ కేకలూ సంగీతమేనా అబ్బాయ్?" అని ఒక పెద్దాయన గుమ్మం దగ్గరే అడిగారు. సంగీతమేనండీ. వినే ఓపిక ఉంటే దాని లెక్కలు దానికున్నాయి.

కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ నుంచి వచ్చిన మెటల్ బృందం కార్న్. 2011 డిసెంబరులో వాళ్ల పదో ఆల్బమ్ 'ది పాత్ ఆఫ్ టోటాలిటీ' వచ్చింది. స్క్రిల్లెక్స్, నోయిసియా, ఎక్సిషన్ లాంటి, డబ్‌స్టెప్ అనే కంప్యూటర్ సంగీతం చేసేవాళ్లను పిలిచి, వాళ్లతో కలిసి చేశారు. పాత అభిమానులు చాలామంది మండిపడ్డారు. కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది మెటల్ ఎట్లా అవుతుందని వాళ్ల కోపం. నేనొప్పుకోను. మెటల్ ప్రాణం బరువులో, అంటే అడుగు స్వరాల గాంభీర్యంలో ఉంది. ఆ బరువును గిటారే మోయాలని ఎవరూ రాసిపెట్టలేదు.

అసలు ఆ బరువు ఎట్లా పుట్టిందో చూడండి. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో గిటారిస్టు టోనీ అయోమీకి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. తర్వాత బ్లాక్ సబ్బాత్ బృందంలో, 1971 నాటికి, ఆ వేళ్లకు సులువుగా ఉండేలా తంతులు వదులు చేసి కింది శ్రుతిలో వాయించాడు. మన డప్పు కళాకారులు తోలును మంట దగ్గర కాచి బిగిస్తారు, ఖంగుమంటుంది. వీళ్లది దానికి తలకిందుల దారి. మామూలు గిటార్‌లో అడుగు స్వరం 82 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గరుంటే, కార్న్ వాళ్లు ఏడు తంతుల గిటార్‌తో 55కు దిగారు.

డబ్‌స్టెప్ దక్షిణ లండన్‌లో పుట్టింది. నిమిషానికి 140 దెబ్బల వేగం. కానీ స్నేర్ అనే డ్రమ్ము దెబ్బ పడే చోటును బట్టి అది 70లా వినిపిస్తుంది. మెటల్ కుర్రాళ్లు తల ఊపేది సరిగ్గా ఆ నడకకే! ఇక సింథ్ బేస్, అంటే యంత్రం పుట్టించే అడుగు స్వరం ఉందే, దాని పై స్వరాలను ఆపే ఫిల్టర్‌ను లయగా తెరుస్తూ మూస్తూ ఉంటే అది "వవ్ వవ్" మని మూలుగుతుంది. అది కూడా ఆ 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే కాపురం. గిటారూ అదీ ఒకేసారి దిగితే ఒకదాన్నొకటి మింగేస్తాయి, బురద మిగులుతుంది. అందుకే ఈ ఆల్బమ్‌లో నాకు నచ్చేది గిటారూ యంత్రమూ వంతులు పంచుకున్న తీరు. కార్న్ రెండో గిటారిస్టు బ్రయన్ వెల్చ్ 2005లోనే బృందాన్ని వదిలాడు. ఆ ఖాళీలోకే యంత్రం వచ్చి కూర్చుందని నా నమ్మకం.

పాటలన్నీ గొప్పవని అనను. కొన్నింటిలో పాట ఎక్కడ విరుగుతుందో ముందే తెలిసిపోతుంది. అయితే కార్న్ గాయకుడు జోనథన్ డేవిస్ గొంతులోని వేదన మాత్రం ఎక్కడా పలచబడలేదు. స్క్రిల్లెక్స్ పరాయివాడూ కాదు, డీజే కాకముందు 'ఫ్రమ్ ఫస్ట్ టు లాస్ట్' అనే రాక్ బృందంలో గొంతు చించుకుని పాడినవాడే. 2012లో రివాల్వర్ పత్రిక గోల్డెన్ గాడ్స్ వేడుకలో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ పురస్కారం దీనికే వచ్చింది.

ఒక్క మనవి. దీన్ని ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పకండి. 55 హెర్ట్జ్ అందులోంచి బయటికే రాదు. పెళ్లిళ్లకు తెచ్చే పెద్ద బాక్సులు అందుకే ఇవాళ ఇక్కడ పెట్టించాం. స్క్రిల్లెక్స్‌తో చేసిన 'గెట్ అప్' ముందు వినిపిస్తాను. పెద్దవాళ్లు కాస్త వెనక వరసల్లో కూర్చోండి. తమ్ముడూ, పెట్టు.